పొలం గేమ్‌లో సంసారం: స్టార్‌డ్యూ వ్యాలీ ప్రశ్నలు, జవాబులు

ఎరిక్ బరోన్ ఒంటరిగా తయారుచేసి 2016 ఫిబ్రవరిలో విడుదల చేసిన స్టార్‌డ్యూ వ్యాలీలో పైకి కనిపించే పని తాత వదిలి వెళ్లిన బీడు పొలాన్ని బాగుచేసుకోవడం. ఈసారి వచ్చిన ప్రశ్నల్లో మాత్రం పొలం తక్కువ, పెళ్లీ పిల్లలూ ఎక్కువ. జవాబుల్లోని ధరలూ లెక్కలూ 1.6 వెర్షన్‌వి. అది కంప్యూటర్లకు 2024 మార్చిలో, ఫోన్లకూ కన్సోళ్లకూ అదే ఏడాది నవంబర్‌లో వచ్చింది. పాత వెర్షన్‌తో తేడా ఉన్నచోట అక్కడే చెప్పాం.

లియాని పెళ్లి చేసుకుందామని రోజూ ఏదో ఒకటి పట్టుకెళ్లి ఇస్తున్నాను. ఖరీదైన పిజ్జా కూడా కొనిచ్చాను. సమ్మర్ అయిపోవస్తోంది, రెండు హార్ట్స్ దాటలేదు. ఎందుకు?
— ఒక పాఠకుడు, కాకినాడ

పిజ్జా దగ్గరే దెబ్బ తిన్నారు. లియాకి పిజ్జా అంటే అసహ్యం. ఇచ్చిన ప్రతిసారీ 40 పాయింట్లు పోతాయి. 600 గోల్డ్ ఖర్చుపెట్టి మరీ పోగొట్టుకున్నారన్నమాట.

ఊళ్లో ఒక మనిషికి మీతో ఎంత స్నేహముందో చూపేది హార్ట్స్. ఒక్క హార్ట్ అంటే 250 పాయింట్లు. బాగా ఇష్టమైన వస్తువు ఇస్తే 80, ఓ మాదిరిగా నచ్చేదైతే 45, పట్టింపు లేనిదైతే 20 కలుస్తాయి. నచ్చనిదానికి 20, అసహ్యమైనదానికి 40 తగ్గుతాయి. ఒక మనిషికి రోజుకి ఒకటి, వారానికి రెండు బహుమతులే ఇవ్వగలం. ఆ లెక్క ఆదివారం మళ్లీ మొదలవుతుంది. ఇక మీరు "రోజూ" ఇస్తున్నవాటిలో వారానికి రెండే ఆమెకు చేరుతున్నాయి, ఆ రెండూ ఏవో చూసుకోండి. లియాకి ప్రాణమైనవాటిలో తేలిగ్గా దొరికేది సాలడ్. స్టార్‌డ్రాప్ సెలూన్‌లో గస్ దాన్ని 220 గోల్డ్‌కి అమ్ముతాడు. మేక జున్ను, వైన్, ట్రఫుల్ కూడా అదే వరసలోవి. అడవిలో ఏరుకున్న డాఫొడిల్, డాండలయన్ పువ్వులు 45 పాయింట్ల రకం, పైసా ఖర్చు ఉండదు.

చాలామంది వదిలేసేది మాటలు. ఆ రోజు మొదటిసారి పలకరిస్తే 20 పాయింట్లు. వారంలో ఏడు పలకరింపులకి 140, రెండు సాలడ్లకి 160, మొత్తం 300. అంటే దాదాపు బహుమతులతో సమానంగా పలకరింపులూ పనిచేస్తున్నాయి. పలకరించని రోజున రెండేసి పాయింట్లు తగ్గుతాయి కూడా. ఈ లెక్కన ఎనిమిది హార్ట్స్‌కి, అంటే 2,000 పాయింట్లకి, ఏడు వారాలు చాలు.

ఇంకా తొందరగా కావాలంటే పుట్టినరోజు పట్టుకోండి. ఆ రోజు బహుమతికి విలువ ఎనిమిది రెట్లు. లియా పుట్టినరోజు వింటర్ 23. ఇష్టమైన వస్తువు ఒక్కటి ఇస్తే 640 పాయింట్లు, రెండున్నర హార్ట్స్ ఒక్క దెబ్బకి వచ్చేస్తాయి. వారం కోటా అయిపోయినా ఆ రోజు ఇవ్వొచ్చు. వస్తువు నాణ్యత కూడా కలిసొస్తుంది: సిల్వర్ స్టార్‌కి 1.1, గోల్డ్ స్టార్‌కి 1.25, ఇరిడియం స్టార్‌కి 1.5 రెట్లు. స్ప్రింగ్ 24న జరిగే ఫ్లవర్ డాన్స్‌లో జోడీగా నాట్యం చేస్తే ఒక నిండు హార్ట్ అదనం. కాకపోతే అప్పటికే నాలుగు హార్ట్స్ ఉంటేనే ఎవరైనా ఒప్పుకుంటారు.

గేమ్‌లో ఎవర్ని పెళ్లి చేసుకోవడం చవక?
— ఒక పాఠకురాలు, తణుకు

సంబంధాలు పన్నెండు, ఆరుగురు అబ్బాయిలు, ఆరుగురు అమ్మాయిలు. ఖర్చే చూసుకుంటే హేలీకి సన్‌ఫ్లవర్, ఎమిలీకి గనిలో దొరికే ఏ అమెథిస్టో టోపాజో, ఎబిగైల్‌కి అమెథిస్టు లేదా గుమ్మడికాయ, షేన్‌కి మీ పొలంలో సమ్మర్‌లో పండే మిరపకాయ. సెబాస్టియన్‌కి ఫ్రోజెన్ టియర్, గనిలో 40వ అంతస్తు దాటితే అవి మంచులో పడి ఉంటాయి. హార్వీకి కాఫీ చాలు, సెలూన్‌లో కొంటే 300, కాఫీ గింజలు పండించి కెగ్‌లో పోసుకుంటే దాదాపు ఉచితం. కష్టపెట్టేది అలెక్స్. అతనికి ప్రాణమైన కంప్లీట్ బ్రేక్‌ఫాస్టూ సామన్ డిన్నరూ రెండూ వంటగది ఉంటే గానీ వండలేనివి.

ఎవర్ని చేసుకున్నా పొలంలో వచ్చే సాయం ఒకటే తీరు. మొక్కలకి నీళ్లు పోయడం, పశువులకి మేత వేయడం, కంచె బాగుచేయడం ఒక్కోరోజు చేస్తారు, ఒక్కోరోజు చేయరు. దాన్ని నమ్ముకుని స్ప్రింక్లర్లు మానేయకండి. నచ్చిన మనిషిని చేసుకోండి.

ఎనిమిది హార్ట్స్ దగ్గర ఆగిపోయింది. మిగతా రెండూ బూడిదరంగులో ఉన్నాయి.
— ఒక పాఠకుడు, నిజామాబాద్

బొకే ఇవ్వాలి. ఎవరితోనైనా ఎనిమిది హార్ట్స్ చేరాక పియర్ దుకాణంలో అది 200 గోల్డ్‌కి వస్తుంది. బుధవారం దుకాణం మూత. బొకే ఇచ్చిన రోజు నుంచి మిగతా రెండూ తెరుచుకుంటాయి. ఒకరికే ఇవ్వాలన్న నిబంధన లేదు గానీ, ఆరుగురు అమ్మాయిలతోనూ లేదా ఆరుగురు అబ్బాయిలతోనూ పది హార్ట్స్ వరకూ నడిపితే ఒకరోజు అందరూ ఒకేచోట కూడి నిలదీస్తారు, వారంపాటు ముఖం చూడరు. జేబులో కుందేలు పాదం ఉంటే మాత్రం గండం గడుస్తుంది.

ఫాల్ చివరి వారంలో పది హార్ట్స్ అయ్యాయి. మెర్మెయిడ్ పెండెంట్ అమ్మే ముసలాయన కోసం వింటర్ అంతా బీచ్‌లో తిరిగాను. ఆయన కనపడడేం?
— ఒక పాఠకురాలు, హన్మకొండ

చిన్నప్పుడు పచ్చి బియ్యం బొక్కితే పెళ్లిలో వాన పడుతుందని మన ఇళ్లలో భయపెడతారు. ఈ ఊళ్లో తిరగేసి ఉంటుంది: వాన పడకపోతే పెళ్లే లేదు. పెళ్లి అడగడానికి ఇవ్వాల్సిన ఆ పెండెంట్ అమ్మే ముసలాయన వానరోజుల్లోనే వస్తాడు, సాయంత్రం ఏడు లోపే ఉంటాడు. వింటర్‌లో వాన పడదు కాబట్టి ఆ 28 రోజులూ మూఢం కింద లెక్క. మీరు తిరిగిన తిరుగుడంతా అందుకే వృథా అయింది.

స్ప్రింగ్ రాగానే టీవీలో వాతావరణం చానెల్ రోజూ చూడండి, మరుసటి రోజు వానో కాదో చెబుతుంది. ఈలోగా మిగతా రెండు షరతులూ పూర్తిచేసుకోండి. ముసలాయన నిలబడేది బీచ్ తూర్పు కొసన, విరిగిన వంతెన అవతల. ఆ వంతెనకి 300 కలప కావాలి. ఇంటికి మొదటి విస్తరణ, అంటే వంటగది వచ్చేది, అయిపోయి ఉండాలి. దానికి వడ్రంగి రాబిన్ 10,000 గోల్డ్, 450 కలప తీసుకుంటుంది, మూడు రోజుల్లో కట్టేస్తుంది. ఇల్లు పెద్దది చేయకుండా వెళ్తే ముసలాయన పెండెంట్ అమ్మడు. పెండెంట్ ఖరీదు 5,000.

కలప కొనుక్కుందామనుకుంటే మొదటి సంవత్సరమే కొనండి. అప్పుడు రాబిన్ దగ్గర ఒక్కోటి 10 గోల్డ్, రెండో ఏడాది నుంచి 50. అదే 450 కలపకి 4,500 పోయేది 22,500 అవుతుంది. మంగళవారం ఆమె దుకాణంలో ఉండదు.

వానకోసం ఎదురుచూడలేనివారికి రెయిన్ టోటెమ్ ఉంది. ఫోరేజింగ్, అంటే అడవిలో ఏరుకునే నైపుణ్యం, తొమ్మిదో లెవెల్‌కి చేరితే దాని తయారీ తెలుస్తుంది: ఒక హార్డ్‌వుడ్ (గట్టి కలప), ఒక ట్రఫుల్ ఆయిల్, ఐదు పైన్ టార్. ఈరోజు వాడితే రేపు వాన. పెండెంట్ ఇచ్చాక మూడో రోజు పొద్దున్నే పెళ్లి. ముహూర్తం మీరు పెట్టక్కర్లేదు, భోజనాల ఖర్చూ లేదు.

పెళ్లయి రెండు సీజన్లు గడిచాయి. 65,000 పోసి ఇల్లు రెండోసారి కూడా పెంచాను, పిల్లల గది వచ్చింది, ఉయ్యాల ఖాళీగా ఉంది. మా ఆయన హార్వీ పిల్లల మాటే ఎత్తడు. గేమ్ పాడైందా?
— ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

పాడవలేదు. ఇలాంటి ప్రశ్నలే ఈసారి అన్నిటికంటే ఎక్కువ వచ్చాయి కాబట్టి కొంచెం విడమరిచి చెబుతాం.

పిల్లల ప్రస్తావన మీరు తేలేరు, అటువైపు నుంచే రావాలి. మీరు పడుకున్న ప్రతి రాత్రీ గేమ్ కొన్ని షరతులు చూస్తుంది. పెళ్లయి కనీసం ఏడు రోజులు కావాలి. ఇంటికి రెండో విస్తరణ అయి ఉండాలి. ఉయ్యాల గదిలో ఉండాలి. జీవిత భాగస్వామితో పది హార్ట్స్ ఉండాలి. మీరు సొంత ఇంట్లోనే పడుకుని ఉండాలి. ఇవన్నీ కుదిరిన రాత్రి కూడా ప్రశ్న పడే అవకాశం నూటికి ఐదే.

ఐదు శాతమంటే సగటున ఇరవై రాత్రులు. అదృష్టం బాగుంటే మొదటి రాత్రే అడుగుతారు. లేకపోతే ఒక సీజన్ మొత్తం, 28 రాత్రులు, షరతులన్నీ సరిగ్గా ఉంచినా అడగకుండా గడిచిపోయే అవకాశం నూటికి 24 దాకా ఉంది. రెండు సీజన్లైనా అడగకపోవడం నూటికి ఆరుగురికి జరుగుతుంది. మీరు ఆ ఆరుగురిలో ఉండొచ్చు. కానీ షరతుల్లో ఏదో ఒకటి తప్పుతోందనే మా అనుమానం. ఎక్కువగా తప్పేది పది హార్ట్స్.

చూడండి. పది హార్ట్స్ అంటే సరిగ్గా 2,500 పాయింట్లు. పెండెంట్ ఇవ్వడానికి కావలసిందీ అంతే కాబట్టి చాలామంది ఆ గీత మీదే పెళ్లి చేసుకుంటారు. పెళ్లయ్యాక పలకరించని ఒక్కో రోజుకీ 20 పాయింట్లు పోతాయి. ఒక్కరోజు పొద్దున్నే లేచి గనికి పరుగెత్తారనుకోండి, 2,480కి పడిపోతుంది, అంటే తొమ్మిది హార్ట్స్. ఆ రాత్రి పాచిక వేయడం కూడా జరగదు. హార్వీ మంగళ, గురువారాలు క్లినిక్‌కి వెళ్లిపోతాడు కాబట్టి మధ్యాహ్నం చూద్దాంలే అనుకుంటే ఆ రెండు రోజులూ జారిపోతాయి. మెనూలో సామాజిక సంబంధాల పేజీ తెరిచి ఇప్పుడు ఎన్ని హార్ట్స్ నిండి ఉన్నాయో లెక్కపెట్టండి.

మందు తేలికే. లేవగానే పలకరించండి, 20. ఇంకోసారి దగ్గరికి వెళ్తే ముద్దు, రోజుకి ఒకసారి దానికి 10. భార్యాభర్తలకి వారానికి రెండు బహుమతుల పరిమితి లేదు, రోజూ ఒకటి ఇవ్వొచ్చు. హార్వీకి వరసగా ఐదు రోజులు కాఫీ ఇస్తే 400 పాయింట్లు, అంటే పదకొండు హార్ట్స్ దాటిపోతారు. అప్పుడు ఒకరోజు మరిచిపోయినా పది కిందకి పడరు. పెళ్లయ్యాక పరిమితి 14 హార్ట్స్ వరకూ పెరుగుతుంది కాబట్టి చోటుకి కొదవలేదు.

పాయింట్లు పోయే ఇంకో దారి అసూయ. పెళ్లికాని మిగతా అబ్బాయిల్లో ఎవరికైనా, వాళ్ల పుట్టినరోజు కాని రోజున, బహుమతి ఇస్తే మీ ఆయనకి తెలిసి 30 పాయింట్లు తగ్గొచ్చు. భార్య ఉన్నవారికి అమ్మాయిల విషయంలోనూ ఇదే.

రెండో అనుమానం జింజర్ ఐలండ్ అనే ద్వీపం. అక్కడ ఇల్లు వచ్చాక పంటకోసం అక్కడే పడుకునేవాళ్లు చాలామంది. అక్కడ నిద్రపోయిన రాత్రులు లెక్కలోకి రావు. పైగా ఇంటిదగ్గర మనిషిని పలకరించలేదు కాబట్టి 20 పాయింట్లు కూడా పోతాయి. వారం రోజులు ద్వీపంలో కాపురం పెడితే 140 పాయింట్లు మైనస్.

అడిగిన రాత్రి ఒప్పుకుంటే 14 రోజులకి బిడ్డ. అప్పుడే గేమ్ పేరు పెట్టమంటుంది. గేమ్‌లో తెలుగు లేదు కాబట్టి 'చిన్ని' అనో 'బుజ్జి' అనో పెట్టుకోవాలన్నా ఇంగ్లిష్ అక్షరాల్లోనే.

నిద్రమత్తులో "వద్దు" నొక్కేశాను. ఇక అడగరా? సేవ్ చేసిన రోజునే మళ్లీమళ్లీ ఆడితే ఐదు శాతం తొందరగా తగులుతుందా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

అడుగుతారు. మరుసటి రాత్రి నుంచి మళ్లీ అదే ఐదు శాతం. రెండోదానికి మాత్రం కాదు. ఆ రాత్రి పాచిక ఎలా పడాలో మీ ఆటకీ ఆ తేదీకీ కలిపి ముందే ఖరారై ఉంటుంది. అదే రోజుని పదిసార్లు ఆడినా షరతులు మారనంతవరకూ ఫలితం మారదు. ముందుకు సాగడమే మార్గం.

ఇద్దరూ ఆడపిల్లలే కావాలి. కుదురుతుందా?
— ఒక పాఠకురాలు, తిరుపతి

కుదరదు. మొదటి బిడ్డ ఆడో మగో సగం సగం, రెండో బిడ్డ తప్పకుండా మొదటి బిడ్డకి ఎదురు. ఇద్దరికి మించి ఉండరు. భార్యాభర్తలిద్దరూ ఒకే లింగానికి చెందినవారైతే ప్రశ్న దత్తత గురించి వస్తుంది. మిగతా షరతులూ 14 రోజుల ఎదురుచూపూ అన్నీ అవే.

మొదటి బాబు పుట్టి సీజన్ దాటింది. రెండో ప్రశ్న రాలేదు. ఈ పిల్లలు ఎంతవరకు పెరుగుతారు?
— ఒక పాఠకుడు, నెల్లూరు

ఉయ్యాల ఒక్కటే. మొదటి బిడ్డ తప్పటడుగుల దశకి వస్తే గానీ రెండో ప్రశ్నకి దారి లేదు. పుట్టాక దాదాపు రెండు వారాలు పసిగుడ్డు, నిద్రే. తర్వాత రెండు వారాలు ఉయ్యాలలో లేచి నిలబడతాడు. ఆపైన నాలుగు వారాలు ఇల్లంతా దోగాడతాడు. సుమారు 56 రోజులకి, అంటే నిండా రెండు సీజన్లకి, నడక. మీరు ఇంకో సీజన్ ఆగాలి, ఆపైన మళ్లీ ఐదు శాతం.

పెళ్లి నాటి నుంచి రెండో బిడ్డ ఉయ్యాలలో పడేదాకా సగటున 130 రోజులు పడుతుంది. గేమ్ ఏడాదికి 112 రోజులే. కాబట్టి మూడో ఏడాది మొదట్లో మీరు సాధించింది అంచనా వేయడానికి తాత ఆత్మ వచ్చేనాటికి ఇల్లు నిండుగా ఉండాలనుకునేవారు మొదటి ఏడాది ఫాల్‌లోనే పెళ్లి చేసుకోవాలి.

నడక వచ్చాక ఇంకేముందని అడిగితే, ఏమీ లేదు. అక్కడితో పెరుగుదల ఆగిపోతుంది. బడికి వెళ్లరు, కోళ్లకి గింజలు వేయరు, పదేళ్లు ఆడినా అదే ఎత్తు. ఇంత శ్రద్ధగా అల్లిన గేమ్‌లో బాగా పలచగా మిగిలిపోయిన భాగం ఇదే అని మా అభిప్రాయం.

అయితే ఆ 65,000 పెట్టడం దండగేనా?
— ఒక పాఠకుడు, విజయనగరం

పిల్లలకోసమే అయితే లెక్కప్రకారం దండగే. తాత మూల్యాంకనంలో మొత్తం 21 పాయింట్లుంటాయి. అందులో పెళ్లికీ ఇంటి రెండో విస్తరణకీ కలిపి ఒక పాయింట్ ఇస్తారు, పిల్లలకి విడిగా ఏమీ లేదు. తాత పూర్తి మెప్పుకి గుర్తుగా నాలుగు కొవ్వొత్తులూ వెలగడానికి 12 పాయింట్లు చాలు.

పెళ్లికి మాత్రం ఒక నికరమైన లాభం ఉంది. జీవిత భాగస్వామితో 12.5 హార్ట్స్ దాటితే ఒక స్టార్‌డ్రాప్ ఇస్తారు, శాశ్వతంగా 34 శక్తి పెరుగుతుంది. దానికి రెండో విస్తరణ అక్కర్లేదు. పెళ్లి ఖర్చు మొత్తం వేసుకుంటే ఇల్లు 10,000, బొకే 200, పెండెంట్ 5,000: 15,200 గోల్డ్, 750 కలప. పిల్లల గదితో అది 80,200కి ఎక్కుతుంది.

విస్తరణ చేయించాలనే నిర్ణయించుకుంటే డబ్బు కంటే 100 హార్డ్‌వుడ్ దగ్గర ఆగిపోతారు. పాత వెర్షన్‌లో 50,000 గోల్డ్, 150 హార్డ్‌వుడ్ ఉండేది. సీక్రెట్ వుడ్స్ అనే అడవిలో ఆరు పెద్ద మొద్దులు రోజూ కొత్తగా మొలుస్తాయి, ఒక్కోదానికి రెండు చొప్పున పన్నెండు హార్డ్‌వుడ్. తొమ్మిది రోజులు వెళ్తే సరిపోయింది. దారికి అడ్డంగా ఉన్న పెద్ద దుంగని నరకడానికి స్టీల్ గొడ్డలి ఉండాలి. రాగి గొడ్డలితో వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లే ఎక్కువ.

నాకు పిల్లలు వద్దు. ఆ ఉయ్యాల మాత్రం గదిలో సగం తినేస్తోంది.
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

రాబిన్ దగ్గర ఇంటి మార్పుల జాబితాలో ఉయ్యాల తీసేయడం ఉంది, దానికి డబ్బు తీసుకోదు. తీసేస్తే ప్రశ్న కూడా రాదు. మనసు మారితే మళ్లీ పెట్టించుకోవచ్చు. బిడ్డ అందులో ఉండగా మాత్రం తీయదు.

నేను హైదరాబాద్‌లో, మా ఆవిడ డాలస్‌లో. ఇద్దరం ఒకే పొలంలో మల్టీప్లేయర్ ఆడుతున్నాం. గేమ్‌లో కూడా ఒకరినొకరు పెళ్లి చేసుకోవచ్చా? పిల్లలో?
— ఒక పాఠకుడు, హైదరాబాద్

రెండూ అవుతాయి. ఆటగాళ్ల మధ్య పెండెంట్ పనిచేయదు, వెడ్డింగ్ రింగ్ కావాలి. దాని తయారీ విధానం సిండర్‌సాప్ అడవికి శుక్ర, ఆదివారాల్లో వచ్చే ట్రావెలింగ్ కార్ట్‌లో 500 గోల్డ్. మల్టీప్లేయర్‌లోనే కనిపిస్తుంది. ఉంగరానికి ఐదు ఇరిడియం బార్లు, ప్రిస్మాటిక్ షార్డ్ అనే అరుదైన రత్నం ఒకటి. ఆ షార్డ్ మొదటిసారి దొరికినప్పుడు చాలామంది దాన్ని ఎడారిలోని మూడు స్తంభాల మధ్య పట్టుకుని గెలాక్సీ స్వోర్డ్ తెచ్చుకుంటారు. కాబట్టి కత్తా ఉంగరమా అన్నది మీ ఇద్దరూ ముందే తేల్చుకోవాలి. మా ఓటు కత్తికి. అది చేతిలో ఉంటే స్కల్ కేవర్న్ అనే ఎడారి గనిలో ఇరిడియం తవ్వడం సులువు, ఉంగరం దానంతటదే వస్తుంది.

ఆటగాళ్ల మధ్య హార్ట్స్ లెక్క ఉండదు. ఇద్దరూ ఒకేసారి ఆటలో ఉండి, ఇద్దరిలో ఒకరి ఇంట్లో కలిసి పడుకోవాలి. ఆ ఇంటికి రెండో విస్తరణ అయి ఉయ్యాల ఉండాలి. మీది ఫామ్‌హౌస్, ఆవిడది క్యాబిన్ అయితే ఏదో ఒకటి పెంచుకుంటే చాలు, రెండూ పెంచక్కర్లేదు. మళ్లీ ఐదు శాతమే, ఇద్దరూ ఒప్పుకోవాలి. ఎవరి క్యాబిన్‌లో వాళ్లు పడుకునే అలవాటు వల్లే చాలా జంటలకి ప్రశ్న రాదు. మీకు పదిన్నర గంటల తేడా, అమెరికాలో గడియారం వెనక్కి తిప్పాక పదకొండున్నర. ఆటలో రోజు గడవాలంటే అందరూ మంచమెక్కాలి కాబట్టి ఒకసారి కూర్చుంటే నాలుగైదు రాత్రులు గడిచేలా చూసుకుంటే ఇరవై రాత్రుల సగటు త్వరగా పూర్తవుతుంది.

విడాకులు తీసుకుంటే పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు?
— ఒక పాఠకుడు, అనంతపురం

మీ దగ్గరే. మేయర్ లూయిస్ ఇంట్లో ఉన్న పుస్తకంలో 50,000 కట్టి నమోదు చేయించాలి. ఆ రాత్రి పది లోపు మనసు మారితే రద్దు చేసుకోవచ్చు. తెల్లారితే మనిషి వెళ్లిపోతారు, హార్ట్స్ సున్నా, ఇకపై మీ బహుమతులు పుచ్చుకోరు. ఆ చేదు పోవాలంటే మంత్రగత్తె గుడిసెలో మతిమరుపు పీఠం దగ్గర 30,000 సమర్పించాలి. పాత భాగస్వామి జ్ఞాపకాలు తుడిచిపెట్టుకుపోయి మళ్లీ కొత్తవాళ్లలా పరిచయమవుతారు. ఆ గుడిసెకి దారి ఊళ్లో పాడుబడ్డ కమ్యూనిటీ సెంటర్‌ని బాగుచేశాక తెరుచుకుంటుంది, కాపలా ఉన్న గోబ్లిన్‌కి వాయిడ్ మయోనైజ్ ఇవ్వాలి.

అదే గుడిసెలో స్వార్థపు పీఠం ఇంకొకటి ఉంది. ప్రిస్మాటిక్ షార్డ్ పెడితే పిల్లలు పావురాలై ఎగిరిపోతారు. వెనక్కి తేలేం. ఏ పీఠమో చూడకుండా నొక్కి బాధపడకండి, నొక్కేముందు అక్కడ రాసి ఉన్నది చదవండి.

మురుగు కాలవలో ఉండే క్రోబస్‌ని పెళ్లి చేసుకుంటే పిల్లలు పుడతారా?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

క్రోబస్‌తో జరిగేది పెళ్లి కాదు, ఒకే ఇంట్లో స్నేహితుల్లా ఉండటం. పది హార్ట్స్ చేరాక ఎడారి వ్యాపారికి 200 వాయిడ్ ఎసెన్స్ ఇస్తే వాయిడ్ ఘోస్ట్ పెండెంట్ వస్తుంది, అది ఇస్తే మీ ఇంటికి మారిపోతాడు. పిల్లలుండరు. క్రోబస్ ఉండగా ఇంకొకరిని పెళ్లి చేసుకోవడానికీ కుదరదు.

మా పాపకి టోపీ పెట్టాలని ఉంది. దగ్గరికెళ్లి నొక్కితే నవ్వుతుందే గాని టోపీ పెట్టుకోదు.
— ఒక పాఠకురాలు, మచిలీపట్నం

ఇంకా దోగాడుతోందా? నడక వచ్చాకే పెట్టుకుంటుంది. అప్పుడు టోపీ చేతిలో పట్టుకుని నొక్కండి.